మూత మీద పేరు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ కాలంలో ఇన్ని మిషన్లు లేవు కదా, ఏ క్రిమో ఎట్లా కనుక్కునేవాళ్లు?" అని అడుగుతారు. వాసన చూసి, అంటాను. నవ్వుతారు. నిజంగానే చూసేవాళ్లం. క్రిములు పెంచే ప్లేట్లు వాసన చూడకూడదని గోడకు ఒక కాగితం అతికించి ఉండేది. ఆ కాగితం కిందే కూర్చుని చూసేవాళ్లం. ఒక క్రిమి ప్లేటు మూత తీయగానే ద్రాక్షపళ్ల వాసన కొడుతుంది. ఇంకొకటి కుళ్లిన చేప. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా చీమూ నెత్తురూ పరీక్షించి రిటైరైనవాణ్ణి. నా ముక్కును చూసుకుని నాకు చాలా గర్వంగా ఉండేది. దాని మీద ఎప్పుడూ ఉండేది కోపమేనని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి.

ఆ గర్వం వల్ల ఒక మనిషికి ఎంత నష్టం జరగబోయిందో మీకు చెప్పాలి. నా తప్పు చెప్పుకోవడం నాకేం సరదా కాదు. కానీ ఇట్లాంటివి మీ పాఠాల్లో ఉండవు. ఉన్నా ఒక్క వాక్యంలో ఉంటాయి, పరీక్షకు రాదని ఆ వాక్యం మీరు చదవరు.

మా ల్యాబ్ కింది అంతస్తులో, వెనకవైపు ఉండేది. కిటికీలోంచి కొండ కనిపించేది, రోగులు మాత్రం కనిపించేవాళ్లు కాదు. మాకు రోగి అంటే ఒక నంబరు, ఒక వార్డు, ఒక సీసా. అలాంటి నంబరు ఒకటి మాటిమాటికీ రావడం మొదలైంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల వార్డు నుంచి, రెండు మూడు వారాలకొకసారి, దూది పుల్లకు అంటిన చీము. మొదటిసారి ద్రాక్షపళ్లు. నేను రిపోర్టు రాశాను, వాళ్లు ఇంజెక్షన్ మార్చారు. తర్వాతిసారి కుళ్లిన చేప. మళ్లీ రిపోర్టు, మళ్లీ ఇంజెక్షన్. ఆ పైసారి ఇంకెవరో కొత్తవాళ్లు, పాత మందులు వేటికీ లొంగని మొండిఘటాలు. నాకు ఆసక్తి పుట్టింది. ఒక్క మనిషి, ఒక్క పుండు. ప్రతిసారీ మారిపోయే ఈ జనమేమిటి? ఇది పుండా, మన బస్టాండా?

నేనిట్లా బుర్ర గోక్కుంటూ ఉండగా ఒకరోజు పుండ్లు మూసే ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ స్వయంగా ల్యాబ్‌కు దిగి వచ్చింది. కొత్తగా చేరిన మనిషి, చిన్న వయసు. పెద్ద డాక్టర్లు ఫోన్లో అరుస్తారు తప్ప మా గడప తొక్కరు. అందుకే స్టూలు తుడిచి వేశాను.

"ఆ నంబరు రిపోర్టులన్నీ వరసగా పెట్టి చూశాను. మీరేమంటారు?" అని అడిగింది.

నన్ను ఒక డాక్టరు 'మీరేమంటారు' అని అడగడం అదే మొదలు. నోరు ఆగలేదు. "పుండు పైపైన రుద్ది పంపిస్తా ఉండారు మేడం. వాకిట్లో నిలబడినోళ్ల పేర్లు రాసిచ్చి, ఇంట్లో ఎవురుండారో చెప్పమంటే నేనేం జెప్పేది?"

ఆమె నవ్వింది. "ఇంట్లోకి వెళ్దామనే వచ్చాను. ఎముక ముక్క తీసి పంపిస్తాను" అంది.

సంగతి ఇదీ. నడుము కింద స్పర్శ లేనివాళ్లకు ఒకేచోట బరువు ఆనితే నొప్పి తెలియదు, కదలరు. మనం సినిమాలో కూర్చున్నా పదిసార్లు పిర్ర మారుస్తాం, తెలియకుండానే. వాళ్లు మార్చలేరు. చర్మం చస్తుంది, కండ చస్తుంది, పుండు కూర్చునే ఎముక దాకా దిగుతుంది. ఇతనికి పుండు అడుగున సన్నటి కడ్డీ పెడితే ఎముక తగులుతోందట. ఎముకలోకి క్రిమి దిగిందా లేదా అన్నదే ప్రశ్న. దిగకపోతే పక్కనుంచి కండతో సహా చర్మాన్ని తిప్పి పుండును కప్పేయొచ్చు. దిగి ఉంటే, అది తేల్చకుండా కప్పితే, లోపల కుళ్లు అట్లాగే ఉండి మళ్లీ చీల్చుకుని వస్తుంది. అట్లా చెడితే ఇంకోసారి కప్పడానికి అతనికి కండ మిగలదు. నిజం తెలియాలంటే మందులన్నీ రెండు వారాలు ఆపాలి, అప్పుడు ఎముక తీయాలి. మందు ఒంట్లో ఉండగా తీస్తే క్రిమి తల దాచుకుంటుంది, మా ప్లేటు మీద మొలవదు.

రెండు ముక్కలు తీస్తానని చెప్పింది. ఒకటి మాకు, కల్చర్‌కు, అంటే క్రిమిని మొలిపించి చూసేందుకు. అది సెలైన్‌లో, అంటే మామూలు ఉప్పునీళ్లలో. క్రిమి ఉంటే ప్రాణంతో మా దగ్గరికి చేరాలి. రెండోది పైన పెథాలజీ ల్యాబ్‌కు, ఫార్మలిన్‌లో. వాళ్లకు ముక్క కుళ్లకుండా ఉంటే చాలు, సన్నగా కోసి అద్దాల కింద చూస్తారు. ఫార్మలిన్ దేన్నీ కుళ్లనివ్వదు, అందులో పడ్డ ఏ క్రిమినీ బతకనివ్వదు. చూపుకు మాత్రం రెండూ నీళ్లలాగే ఉంటాయి.

ఆమె వెళ్లాక నాకు ఆ మనిషిని చూడాలనిపించింది. అన్నేళ్ల నౌకరీలో నేను వార్డుకు పోయి రోగిని చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నం అన్నం తిని పైకి పోయాను.

వరండాలో చక్రాల మంచం మీద ఒకాయన బోర్లా పడుకుని, చేతుల్తో చక్రాలు తోసుకుంటూ ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. తల కిందికి ఉంది. నా దగ్గర ఆగి, "ఈ చెప్పులు కొత్తగా ఉండాయే. ఎవురన్నా మీరు?" అన్నాడు.

"కింద ల్యాబులో పనిచేస్తాను భాయ్. నీ చీము సూసేది నేనే."

"అట్లనా! నా కడుపులో సంగతులు మా ఇంటామె కంటే మీకే బాగా తెలుసన్నమాట." నవ్వాడు. నేల చూస్తూనే నవ్వాడు.

చిత్తూరులో పరుపులు కుట్టే అంగడి అతనిది. తండ్రి కాలం నుంచి అదే పని. రెండేళ్ల కిందట పెళ్లివారి పరుపులు వ్యానుకెత్తి, పైన నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. "పరుపులన్నీ బండి మీద, నేనొకణ్ణే రోడ్డు మీద పడినాను" అన్నాడు. ఆ మాట చాలామందికి చెప్పి చెప్పి నున్నగా అయినట్టుంది. వెన్ను విరిగి కాళ్లు పోయాక కూడా అంగడికి పోయి రోజంతా మిషన్ ముందు కూర్చునేవాడు. పుండు పడిన సంగతి అతనికి తెలియలేదు. లుంగీకి నెత్తురు అంటితే భార్య చూసింది.

"ఊరందరికీ మెత్తగా పండుకునేదానికి కుట్టినాను. పుండు నాకు పడింది, సూడండి." చక్రం మీద చెయ్యి ఆనించి అన్నాడు, "నడిచేది లేదని తెలుసన్నా. దానికి ఏడ్సాల్సినంతా ఏడ్సేసినాను. కూర్చుంటే సాలు నాకు. కూర్చుంటే మిషన్ కాడికి పోతాను, చేతులు బాగుండాయి. ఇట్ల బోర్లా పండుకొని ఎనిమిది నెలలాయ. మనిషిని మనిషిగా సూసి ఎనిమిది నెలలు."

భార్య పక్కనే నిలబడి ఉంది. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. అంగడి మూసేసి ఆయనతో పాటు వార్డులోనే ఉంటోంది. నన్ను కిందినుంచి మీదికి చూసి అడిగింది: "రెండు వారాలు మందులు ఆపాలంటా ఉండారే. ఏమీ గాదా?"

"ఏం గాదమ్మా. రెండు వారాలే గదా" అన్నాను. ఒంటి మీదికి రాని మాట చెప్పడం సులువు.

మందులు ఆపిన పదో రోజున జ్వరం వచ్చింది. వార్డు నుంచి కబుర్లు తెలుస్తూనే ఉన్నాయి. రెండు దుప్పట్లు కప్పినా వణుకుతున్నాడని, డాక్టరమ్మ గంటకోసారి వచ్చి చూస్తోందని, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో అని బతిమాలిందని. ఓర్చుకున్నాడు. సోమవారం పొద్దున ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయి ఎముక తీశారు.

సీసా నా బల్ల మీదికి వచ్చింది. మూత మీద థియేటర్ సిస్టర్ గుండ్రటి అక్షరాలు: నంబరు, 'ఎముక, కల్చర్, సెలైన్'. మూత తీశాను. ఫార్మలిన్ వాసన గుప్పుమంది.

ఇక్కడ ఆగి వినండి. నాకు వాసన తెలియలేదని కాదు. తెలిసింది. కానీ ఆ రోజు సోమవారం. ప్రతి ఆదివారం థియేటర్ తలుపులు మూసి ఫార్మలిన్ పొగ పెట్టేవాళ్లు, శుద్ధి కోసం. సోమవారం అక్కణ్ణుంచి వచ్చే గుడ్డలు, ట్రేలు, చివరికి మనుషులు కూడా అదే వాసన కొట్టేవాళ్లు. వరసగా ముప్ఫై ఏళ్ల సోమవారాలు నా ముక్కుకు నేర్పిన పాఠం అది. 'థియేటర్ వాసన' అనుకున్నాను. కొత్తగా చేరిన పిల్లయితే భయపడి ఎవరినైనా అడిగేది. నేను ఎవరినీ అడగలేదు. ముక్కను నలగ్గొట్టి ప్లేట్ల మీద వేశాను.

రెండు రోజులకు ఏమీ లేదు. ఐదు రోజులకు లేదు. మామూలుగా అంతటితో వదిలేస్తాం, కానీ ఎక్కువ రోజులు ఉంచమని డాక్టరమ్మ అడిగింది కాబట్టి పది రోజులు ఉంచాను. ప్లేట్లు కడిగిన అద్దంలా ఉన్నాయి. మా ప్రొఫెసర్ గారు కళ్లజోడు పైకెత్తి, "ఏమప్పా, అంత పుండు కింద ఎముక ఇంత శుభ్రంగా ఉంటుందా?" అన్నాడు. మంచి ప్రశ్న. నాకూ లోపల అదే ప్రశ్న మెదులుతోంది. అయినా "ప్లేటు అబద్ధం చెప్పదు సార్" అన్నాను. ఏదో గొప్ప సంగతి చెప్పినట్టు తల కూడా ఊపాను. 'క్రిములు మొలవలేదు' అని రిపోర్టు పోయింది.

పెథాలజీ రిపోర్టు ఇంకా రాలేదు. ఎముక గట్టిది, దాన్ని మెత్తబరిచి కోయడానికి రోజులు పడతాయి, అది ఆలస్యం కావడం వాళ్లకు మామూలే. మా రిపోర్టు నమ్మి డాక్టరమ్మ ఆ పై గురువారానికి ఆపరేషన్ పెట్టుకుంది. వార్డులో పండగలా ఉందట. బుధవారం సాయంత్రం అతని భార్య ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి ఒక చిన్న దిండు నా చేతిలో పెట్టింది. నా స్టూలుకు సరిపోయేట్టు, గుండ్రంగా. బోర్లా పడుకునే, చేతి సూదితో కుట్టాడట.

"ఎముకలో ఏమీ లేదని మీరే గదా చెప్పింది. ఇచ్చి రమ్మన్నాడు" అంది.

గురువారం పొద్దున ఆ దిండు మీద కాసేపు దర్జాగా కూర్చుని, ఎనిమిదిన్నరకు టీకని క్యాంటీన్‌కు పోయాను. పెథాలజీలో పనిచేసే మిత్రుడు అప్పుడే వచ్చాడు. నగరి నుంచి రోజూ రైల్లో వచ్చి పోయే మనిషి. రైలు ఆలస్యమైన రోజు ఎవరినో ఒకరిని తిట్టందే అతనికి టీ దిగదు. ఆ రోజు థియేటర్ వాళ్ల వంతు.

"మీ థియేటరోళ్లకు బుద్ధుండాదా అప్పా? ఎముక ముక్కను ఉత్త ఉప్పునీళ్లలో ఏసి పంపించినారు. మూత మీద సూస్తే ఫార్మలిన్ అని రాసుండాది. నమ్మి అల్మరాలో పెట్టినాను, యాడికి పోతాదిలే అని. మూడో నాడు తీసి సూస్తే కంపంటే కంపు కాదప్పా, రూమంతా ఖాళీ జేసి బయట నిలబడినాము. కుళ్లిపోయిండాది. ఇప్పుడు దాన్ని కోసి ఏం సూడాల? ఇంకో ముక్క పంపించమని చీటీ రాసి పంపిస్తే జవాబే లేదు."

"ఎవురిదప్పా ఆ ముక్క?" అని అడిగాను. అడిగేటప్పటికే నాకు తెలుసు.

"ఎవురో చిత్తూరాయన. పరుపులాయన అంటా ఉండారే, ఆయన."

టీ గ్లాసు చేతిలోనే ఉంది. రెండు సీసాలు, ఒకే రకం. అతనికి పోవాల్సిన ఫార్మలిన్ నాకు వచ్చింది. నాకు రావాల్సిన ఉప్పునీళ్లు అతనికి పోయాయి. ఆ ముక్క ఊరికే కుళ్లిందా, లోపల క్రిములు బతికే ఉండి కుళ్లించాయా అన్నది అతను చెప్పలేడు. నా ముక్కలో మాత్రం ఏ క్రిమి ఉన్నా నేను మూత తీయకముందే చచ్చి ఉంటుంది. నేను పది రోజులు కాపలా కాసింది శవానికి.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు, థియేటర్‌లోకి పోయేముందు ఫోన్లు బీరువాలో పెట్టేస్తారు. లిఫ్ట్ కోసం ఆగకుండా వాలుదారి ఎక్కాను. సగం ఎక్కి ఆయాసంతో గోడ పట్టుకున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చెడితే వంద కారణాలు చెబుతారు: సరిగ్గా పడుకోలేదు, తిండి సరిపోలేదు, తలరాత. ల్యాబ్ పేరు రాదు. ఆ ఆలోచన ఎంతోసేపు లేదు. కానీ వచ్చింది. రిటైరై ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే సిగ్గేస్తుంది.

థియేటర్ తలుపు దగ్గర సిస్టర్ అడ్డం నిలబడింది. మేమిద్దరం ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లం. గస పోస్తూ చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది.

"నువ్వే గదప్పా మూత మీద రాయమన్నది!"

నిజమే. చాలా ఏళ్ల కిందట నేనే అడిగాను. మా ఫ్రిజ్‌లో సీసాలు గూళ్లలో నిలబెడతాం, పైనుంచి చూస్తే మూతలే కనిపిస్తాయి. ఒక్కో సీసా ఎత్తి చూసే శ్రమ నాకు తప్పాలని, పేరు మూత మీద రాయండమ్మా అని ఆసుపత్రంతా తిరిగి చెప్పాను. వాళ్లు పాపం విన్నారు. ఆ సోమవారం ఆమె రెండు సీసాల మూతలూ తీసి ట్రేలో పక్కపక్కన పెట్టింది. ఎముక ముక్కలు వేసింది. మూతలు బిగించింది, దీనిది దానికి, దానిది దీనికి. మూత మారితే పేరే మారిపోతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

డాక్టరమ్మ మాస్కుతో బయటికి వచ్చింది. అంతా విని, "ఖచ్చితంగానా?" అంది.

"ఖచ్చితంగా చెప్పలేను మేడం. కానీ నేనిచ్చిన రిపోర్టును మాత్రం నమ్మొద్దండి. అది చెల్లదు."

ఆమె మాస్కు కిందికి లాగింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండేది. "అతను లోపలే ఉన్నాడు, ఇంకా మత్తు ఇవ్వలేదు. మీరే చెప్పండి. నేను పక్కనుంటాను" అంది.

పచ్చగుడ్డ కప్పుకుని వెళ్లాను. బోర్లా పడుకుని ఉన్నాడు. ఈసారి నేనే నేల మీద చతికిలబడి, ముఖం ముఖం ఎదురుగా పెట్టి చెప్పాను. సీసాల సంగతి, మూతల సంగతి, వాసన తెలిసీ అడగకపోయిన సంగతి. ఏదీ దాచలేదు.

తల తిప్పి డాక్టరమ్మ చెప్పులకేసి చూశాడు. తర్వాత, "జరంతో ఒణికినాను గదన్నా. నాలుగు దినాలు పండ్లు గిట్టకరిచినాను. అదంతా దీనికేనా?" అన్నాడు.

"అవును భాయ్."

"ఇప్పుడు కప్పేస్తే ఏమయితాది?" ఇది డాక్టరమ్మను.

"ఎముకలో క్రిమి లేకపోతే నయమవుతుంది. ఉంటే కొన్ని నెలల్లో మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు నా దగ్గర ఏమీ మిగలదు" అందామె.

"కప్పకుంటే?"

"చెడిన ఎముక ఈరోజే చెక్కేస్తాను. మందులు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి కొత్త ముక్కలు పంపిస్తాను. అందులో ఏది తేలితే దానికి ఆరు వారాలు మందు, ఆ తర్వాత కప్పుతాను. అప్పటిదాకా బోర్లానే ఉండాలి."

అతను కళ్లు మూసుకున్నాడు. "పరుపు కుట్టేటప్పుడు దబ్బనం మొన విరిగి లోపల ఉండిపోయిందనుకో మేడం. దూదిలో యాడుండాదో తెలీదు. పైన గుడ్డ బాగుండాది గదా అని అట్లే ఇచ్చేస్తే ఎవురి ఒంట్లోనో దిగతాది. మా నాయన కొట్టేటోడు. మళ్లీ మొత్తం ఇప్పాల్సిందే." కళ్లు తెరిచి నన్ను చూశాడు. "ఇప్పేయమనండి."

బయట అతని భార్యకు కూడా నేనే చెప్పాను. ఆమె అంత తేలిగ్గా వదల్లేదు, వదలాల్సిన అవసరమూ లేదు. "మీ మాట నమ్మి దర్గాకు పోయి చాదర్ కప్పొచ్చినాను! మంచి జరిగిందని!" అని అరిచింది. వరండా అంతా తిరిగి చూసింది. నేను నిలబడి తిట్లు తిన్నాను. ఆఖరికి ఆమె కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ముందు తిట్లే నయమనిపించింది.

ఆ రోజు నా సీసాలు నేనే తెచ్చుకున్నాను. నంబరు సీసా ఒంటి మీద రాశాను, మూతలు ఖాళీగా వదిలేశాను. థియేటర్‌లో ఒక మూల నిలబడి జీవితంలో మొదటిసారి ఎముక చెక్కడం చూశాను. భయమేయలేదు, కుతూహలమే వేసింది. డాక్టరమ్మ ఉలితో చెక్కుతూ నాకు చూపించింది: మంచి ఎముక గట్టిగా ఉంటుంది, చెక్కితే నెత్తురు చిమ్ముతుంది. చెడింది నానిన చెక్కలా పొరలు పొరలుగా ఊడి వస్తుంది, నెత్తురు రాదు. నెత్తురు కనిపించేదాకా చెక్కింది. మూడు చోట్ల నుంచి మూడు ముక్కలు ఇచ్చింది. నేను ఒక్కో సీసాకూ నా చేత్తో మూత బిగించి, ఎవరి చేతికీ ఇవ్వకుండా కిందికి తెచ్చాను.

రెండో రోజు పొద్దున మూడు ప్లేట్ల మీదా ఒకటే పంట. గుండ్రటి, బంగారు రంగు చుక్కలు. ఇన్నాళ్లూ పైన గుంపులు గుంపులుగా తిరిగిన మొండివాళ్లలో ఒక్కడూ లేడు. ఎముకలో కాపురం పెట్టింది ఇంకెవరో, ఎప్పటిదో పాత మందుకే లొంగే రకం. వాకిట్లో జనాన్ని తరమడానికి నెలల తరబడి ఇంత పెద్ద పెద్ద మందులు ఎక్కించాం, ఇంట్లోవాడికి చాలిన మందు ఒక్కటీ సరిగ్గా ఎక్కించలేదు. ఆ ప్లేట్లు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తప్పు సంగతి మరిచిపోయి సంతోషపడ్డాను కూడా. కనుక్కోవడంలో ఉండే సంతోషం అట్లాంటిది, దానికి సిగ్గూ ఎగ్గూ ఉండదు.

ప్రొఫెసర్ గారికి జరిగిందంతా రాసి ఇచ్చాను. చదివి, మడిచి, "ప్లేటు అబద్ధం చెప్పదు, నిజమే. ప్లేటు దాకా తెచ్చినవాళ్ల మాటేమిటప్పా?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మరుసటి వారం అన్ని వార్డులకూ తిరిగి, పేరు మూత మీద రాయొద్దని నేనే చెప్పుకుంటూ పోయాను. అంతకుముందు నేనే రాయమన్నానని తెలిసిన నర్సులు నవ్వారు. నవ్వనిచ్చాను. థియేటర్ సిస్టర్ పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు సగం దోసె తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయింది.

ఆరు వారాలు మందు ఎక్కించారు. జ్వరం పోయింది, చీము ఆగింది. అప్పుడు కప్పారు. ఆ తర్వాత కుట్లు లాగకుండా వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టారు. నేను రోజూ అన్నం తిని పైకి పోయేవాణ్ణి. దూది రకాల గురించి నాకు చాలా తెలిసింది. క్రిముల గురించి అతనికి నాకు అక్కర్లేనన్ని ప్రశ్నలు ఉండేవి. తప్పు గురించి మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

మొదటిసారి కూర్చోబెట్టే రోజు డాక్టరమ్మ నన్నూ రమ్మంది. చక్రాల కుర్చీలో, పదిహేను నిమిషాలు, గడియారం చూసి. ఇద్దరు పట్టుకుని దించారు. మొదట కళ్లు తిరిగాయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు. భార్యను చూశాడు, చూస్తూనే ఉన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పదిహేను నిమిషాలు కాగానే డాక్టరమ్మ గడియారం చూపించింది.

అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. మళ్లీ బోర్లా పడుకోబెట్టి, కప్పిన చర్మం ఎర్రబడిందా అని చూడాలి. ఎర్రదనం కాసేపట్లో పోతే మరునాడు ఇంకొంచెంసేపు కూర్చోవచ్చు. పోకపోతే చర్మం బరువు మోయలేదన్నమాట, మళ్లీ పడకే, ఎన్నాళ్లో తెలియదు. అతనికి అక్కడ స్పర్శ లేదు, చూసుకోలేడు. డాక్టరమ్మ టార్చి తీసింది.

"అన్నా, మీరు సూసి చెప్పండి" అన్నాడు.

"నేనేం డాక్టర్నా భాయ్? మేడం సూస్తాది."

"మేడం నేను భయపడతానని మెల్లగా చెప్తాది. మా ఇంటామె ఎట్లున్నా బాగుండాదనే చెప్తాది. మీరు తప్పయితే తప్పని మొగం మీదనే చెప్పినారు. మీరే సూడండి."

డాక్టరమ్మ టార్చి నా చేతికిచ్చి పక్కకు జరిగింది. వంగి చూశాను. కుట్ల పక్కన అర్ధరూపాయంత ఎర్రటి మచ్చ.

"ఎర్రగా ఉండాది భాయ్" అన్నాను.

అతని భార్య మంచం పట్టె పట్టుకుంది. డాక్టరమ్మ చూపించినట్టు బొటనవేలితో నొక్కాను. తెల్లబడింది, వేలు తీయగానే మళ్లీ ఎర్రబడింది. ఐదు నిమిషాలాగి చూశాను.

"ఇంకా ఉండాది."

మరో ఐదు నిమిషాలు. పైన ఫ్యాను తిరుగుతోంది. అతను పిడికిళ్లు బిగించి పడుకుని ఉన్నాడు, అడగలేదు. ఇంకొంచెంసేపు ఆగి టార్చి బాగా దగ్గరికి పెట్టాను.

"లేదు భాయ్. పోయింది."

"మళ్లీ సూడండి."

మళ్లీ చూశాను. ఈ పక్కనుంచి, ఆ పక్కనుంచి. వేలు పెట్టి నొక్కి చూశాను. పక్క చర్మం ఎట్లా ఉందో అదీ అట్లాగే ఉంది.

"లేదు."

అతను పిడికిళ్లు విప్పాడు.

"అట్లయితే మేడం, రేపు ఇరవై నిమిషాలు" అన్నాడు.